గాజుకు పట్టిన చెమట

చేపను చూడడానికి అసిరమ్మత్తకు ఒక పద్ధతి ఉంది. ముందు మొప్ప రేకు ఎత్తి లోపలి ఎరుపు చూస్తుంది. తరువాత వీపు మీద బొటనవేలు నొక్కి వదులుతుంది. గుంట వెంటనే పైకి లేస్తే సరే, లేవకపోతే ఆ బుట్టవైపు మళ్ళీ చూడదు. కన్ను చూసేది ఆఖరున. "కన్ను సెప్పీసరికి ఊరందరికీ తెలిసిపోతాది పాపా. ముందుగా సెప్పీది మొప్పే" అంటుంది.

ఆమె పోర్ట్ బ్లెయిర్ మార్కెట్లో చేపలు అమ్ముతుంది. చీకటి విడకముందే జంగ్లీఘాట్‌కు పోయి పడవల దగ్గర సరుకు ఎంచుకుని, థర్మాకోల్ పెట్టెలో ఐసు పరిచి, పైన చేపలు పేర్చి, మళ్ళీ ఐసు కప్పి ఆటో ఎక్కుతుంది. మధ్యాహ్నం దాటాక, అడుగున ఐసు మాత్రమే మిగిలిన పెట్టెతో బ్రూక్షాబాద్‌లో ఇంటికి చేరుతుంది. ఆ ఇంటిని ఆనుకునే మా ఇల్లు. రెండిళ్ళకూ ఒకటే రేకుల కప్పు, మధ్యలో ఒకే గోడ. ఆ గోడ కప్పు దాకా పోదు. పైన జానెడు సందు ఉంది. ఆ సందులోంచి ఆమె గిన్నెల చప్పుడు మాకు వస్తుంది, మా పాప దగ్గు ఆమెకు పోతుంది.

మొదట మాకు పరిచయమైంది ఆ దగ్గువల్లే. మా ఆయన ద్వీపాల మధ్య తిరిగే ఓడలో ఇంజనీరు. ఫీనిక్స్ బేలో ఓడ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో వాతావరణం చెప్పాలి. పాపకు ఏడాదిన్నర, చల్లగాలి తగిలితే ఆయాసం. డాక్టరు చెప్పినట్టు నేను దాని ఎగిసిపడే డొక్కను చూస్తూ ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం గోడ పైనుంచి గొంతు వచ్చింది.

"ఓ పాపా! బిడ్డకి ఆయాసమా? వాము ఏయించి మూట కట్టి గుండెకి పెట్టు. మందు మానీకు, అది మందుకి తోడు."

అప్పటినుంచి నేను ఆమెకు 'పాప'ను. మా పాప 'బిడ్డ'.

అసిరమ్మత్తది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు. పెళ్ళయిన కొత్తలో మొగుడు అప్పలరాముడితో విశాఖపట్నంలో ఓడెక్కింది. అప్పటికే ఆయన మేనమామలు ఇక్కడ వలలు వేస్తున్నారు. "ఓడ దిగినాక కూడా నేల ఊగుతానే ఉంది. ఈ మనిసి నవ్వీసి, ఊగనీలే, ఎక్కడికీ పోదులే అన్నాడు" అని ఒకసారి చెప్పింది. ఆయన డింగీ అనే చిన్న పడవ మీద నలభై ఏళ్ళ దాకా వేటకు పోయాడు. సముద్రం ఆయన్ని ఏమీ చేయలేదు. ఒడ్డున వల ఆరేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. వాళ్ళకు పిల్లల్లేరు. ఆయన పోయాక ఆ ఇంట్లో అసిరమ్మత్త ఒక్కతే ఉంటోంది.

ఒక్కతివే ఎలా ఉంటావు అని నేను అడిగాను. అడక్కూడని ప్రశ్నే, కానీ మా ఆయన లేని రోజుల్లో నాకూ జవాబు కావలసిన ప్రశ్న.

"ఉండడానికేటి, ఉంతాను. వండుకుంతాను, తింతాను. తాళం ఏసీడమే కట్టం."

"తాళమా?"

"గడప దాటినప్పుడు ఎల్లొత్తాను అనాల గదా. నలబై ఏళ్ళు అన్నాను. ఇప్పుడు ఎవులితో అంటాను, గోడతోటా? సప్పుడు సెయ్యకుండా తాళం ఏసి ఎల్లిపోతాను, దొంగనాగ."

*

ఆమె చేపలు కొన్నదని నాకు తెలిసినప్పుడు, ఎప్పటిలా పులుసుకి అనుకున్నాను. తీరా చూస్తే గదిలో మూల బల్ల మీద రెండడుగుల గాజు తొట్టె, అందులో నాలుగు డిస్కస్‌లు. నిలబెట్టిన పళ్ళెంలా గుండ్రంగా, పలచగా ఉండే చేపలవి. రెండు ఎర్రవి, రెండు నీలం చారలవి.

"ఎక్కడివత్తా ఇవి?"

"గణేసు కాడ."

గణేశ్వరరావు ఇక్కడే పుట్టి పెరిగినవాడు. బజారులో పెంపుడు చేపల దుకాణం నడుపుతాడు. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు. ఒకరోజు మార్కెట్ నుంచి వస్తుండగా వాన పట్టుకుంటే అసిరమ్మత్త అతని దుకాణం అరుగు ఎక్కింది. తలుపు పక్కనే పెద్ద తొట్టె ఉంది. ఆమె నిలబడగానే అందులో చేపలన్నీ గాజు దగ్గరికి వచ్చి వరుసగా ఆగాయట. ఆమె ఇటు జరిగితే ఇటు, అటు జరిగితే అటు.

"నన్నే సూసినాయి పాపా" అంది, ఇంకా నమ్మలేనట్టు. "ఇన్నేళ్ళల్లో ఎన్ని సేప కళ్ళు సూసుంతాను! ఒక్కటైనా నన్ను సూసిందా?"

అవి తిండి కోసం వస్తాయి, ఎవరొచ్చినా అంతే అని గణేశ్వరరావు నిజాయితీగానే చెప్పాడట.

"మౌసీ, ఇవి డిస్కస్. బహుత్ నాజూకు మాల్. చెన్నై నుంచి విమానంలో వస్తాయి. నీళ్ళు జరా ఇటూ అటూ అయితే ఖతమ్. నీకెందుకు, గోల్డ్ ఫిష్ పట్టుకుపో."

"అది నన్ను సూస్తాదా?"

"అది ఎవర్నీ చూడదు మౌసీ."

"అయితే ఇయ్యే ఇయ్యి. తిండికి వత్తాయంటే రానీ. నా మొగుడు మాత్రం దేనికొచ్చేవోడు ఇంటికి?"

నీళ్ళు వేడి చేసే కడ్డీ ఒకటి కూడా అమ్మజూశాడట. "సేపలున్న నీళ్ళని కాగబెడితే మా కాడ పులుసంటార్రా" అని నవ్వి తిప్పికొట్టింది. ఆ మాట విని నేనూ నవ్వాను. ఈ దీవుల్లో ఏడాది పొడుగునా ఉక్కే, దానికి వేరే వేడి ఎందుకు అని నాకూ అనిపించింది.

చేపలు ఆమె చేతికి వచ్చింది ఆక్సిజన్ నింపిన కవర్లలో, ఆ కవర్లు థర్మాకోల్ పెట్టెలో. ఆ పెట్టెను చూపించి, "మా పెట్టెలాటిదే" అని మురిసిపోయింది. నేనూ ఆ పెట్టెను చూశాను, ఏమీ తోచలేదు.

*

తరువాతి వారంలో గోడ పైనుంచి పిలుపు వచ్చింది.

"పాపా, సైన్సు సదివినావు గదా, ఓపాలి ఇలాగొచ్చి సూడు. ఏటో అలిగినట్టున్నాయి."

బిడ్డను చంకనేసుకుని వెళ్ళాను. నాలుగూ తొట్టె వెనక మూలలో ఒకదాని వెనక ఒకటి నక్కి ఉన్నాయి. ఎర్రవాటి ఒంటిమీద మసి చల్లినట్టు నల్లమచ్చలు లేచాయి. నీలం చారలు కనబడనంతగా మిగతావి ముదురు రంగుకు తిరిగాయి. రెక్కలు ఒంటికి అంటించుకున్నాయి. ఒకటి తల కిందికి వాల్చి ఉంది. వేసిన తిండి అడుగున అలాగే ఉంది.

"కన్ను బాగానే ఉంది, మొప్పా ఎర్రగానే ఉంది. మరేటి రోగం?" అంది అసిరమ్మత్త.

"మొప్ప లోపల ఎరుపు నీకెలా కనబడింది?"

"ఎత్తి సూసినాను."

"నీళ్ళలోంచి బయటికి తీశావా!"

"తియ్యకపోతే ఎలాగ తెలుస్తాది? వీపు కూడా నొక్కినాను. గట్టిగానే ఉంది."

ఇంకెప్పుడూ ముట్టుకోవద్దని చెప్పాను. ముట్టుకుంటే వాటి ఒంటి జిగురు పోతుంది, బెదురుతాయి, ఆ బెదురుకే చచ్చిపోయేవి ఉన్నాయి అన్నాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుని వెనక్కి పెట్టుకుంది. తరువాత నేను వెళ్ళిన ప్రతిసారీ తొట్టె ముందు అలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది, బడిలో పిల్లలాగ.

నేను చదువుకున్నది రసాయనశాస్త్రం. పెళ్ళికి ముందు విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేశాను. కాబట్టి ముందు నీళ్ళనే అనుమానించాను. కొత్త తొట్టెలో చేపల విసర్జనను విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఇంకా పెరగవు. అమ్మోనియా పేరుకుని మొప్పలను కాలుస్తుంది. గణేశ్వరరావు దుకాణం నుంచి పరీక్ష సీసాలు తెప్పించాను. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేస్తే లేత ఆకుపచ్చ తిరిగింది. కొద్దిగా ఉంది, ప్రాణం తీసేంత కాదు. మా వీధికి కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజు నీళ్ళలో క్లోరిన్ ఘాటు. డ్రమ్ములో పట్టి ఒక రోజు మూత తీసి ఉంచాకే తొట్టెలో పోయాలని, రోజూ కొంచెం తీసి కొంచెం మార్చాలని చెప్పాను. ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది.

"నీళ్ళలో ఇంకేమైనా కలుపుతున్నావా అత్తా? ఉప్పు, పసుపు, ఏదైనా?"

"ఏటీ కలపను. గణేసు మీద ఒట్టు."

"గణేసు మీద ఎందుకు ఒట్టు?"

"నా మీద ఏసుకుంటే సేపల్ని సూసేవోళ్ళు ఉండొద్దా?"

నేను రోజూ సాయంత్రమే వెళ్ళేదాన్ని, బిడ్డ నిద్ర లేచాక. బిడ్డ ముక్కు గాజుకు ఆనించి "తేప, తేప" అనేది. నేను మొప్పలు కదిలే వేగాన్ని లెక్కపెట్టేదాన్ని. ఇంట్లో చేసే పనే ఇక్కడా చేస్తున్నానని ఒకసారి నవ్వొచ్చింది కూడా. నీళ్ళ వేడి కూడా చూశాను. బిడ్డ స్నానపు తొట్టెలో ముంచే థర్మామీటరే పెట్టాను. ఇరవై ఏడు దాకా చూపించింది. డిస్కస్‌కు ఇంకాస్త ఉంటే మేలు, ఇది మాత్రం వాటిని ఇలా కుంగదీసే చలి కాదు. అలా వేడి సంగతి నా లెక్కలోంచి కొట్టేశాను.

తొట్టె కింద పరిచిన పాత పేపరు మాత్రం ఎప్పుడూ తడిగా ఉండేది. గాజు అతుకుల వెంట వేలు రాసి చూశాను. పొడిగానే ఉన్నాయి. నీళ్ళు మార్చేటప్పుడు ఒలికి ఉంటుందిలే అనుకున్నాను.

రోజులు పోతున్నకొద్దీ చేపలు ఇంకా నల్లబడ్డాయి. అమ్మోనియా పరీక్షలో పసుపు వస్తోంది, అంటే లేనట్టే. అన్నీ సరిగా ఉన్నాయి, చేపలు మాత్రం బాగాలేవు. ల్యాబులో ఇలాంటి ఫలితం వస్తే కొలిచే పరికరం తప్పంటాం. ఇక్కడ పరికరం నేనే.

అసిరమ్మత్త మార్కెట్ నుంచి రాగానే తొట్టె ముందు నిలబడేది. అవి మూలకు ఇంకా ఒదిగిపోయేవి.

"నాను వత్తే దాక్కుంతన్నాయి" అంది. "గణేసు కొట్లో వానలో తడిసిపోయి, కంపు కొడతా నిలబడ్డాను. అప్పుడు రాలేదా దగ్గరికి? ఇప్పుడు సబ్బెట్టి రుద్దుకునే వత్తన్నాను గదా."

నేను మళ్ళీ పరీక్ష సీసా తీశాను.

తల వాల్చిన నీలం చేప మొదట పోయింది. నేను వెళ్ళేసరికి అసిరమ్మత్త దాన్ని అరచేతిలో పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. జీవితమంతా చనిపోయిన చేపల మధ్య గడిపిన మనిషికి ఆ ఒక్క చేపను ఏం చేయాలో తెలియడం లేదు. అలవాటు కొద్దీ బొటనవేలు వీపు మీద నొక్కి వదిలింది.

"ఇంకా తాజాగానే..." అంది.

 వెంటనే ఆ వేలిని గుప్పిట్లో దాచుకుంది. తరువాత పెరట్లో గిన్నెలు తోమే చోటుకు దూరంగా, కొబ్బరి మొక్క మొదట్లో పాతిపెట్టి వచ్చింది. ఆ సాయంత్రం గోడ అవతల గిన్నెల చప్పుడు వినబడలేదు.

*

మిగిలిన మూడింటికీ తెల్లటి దారంలాంటి విసర్జన మొదలైంది. పేగుల్లో పురుగో, పరాన్నజీవో అయి ఉండాలి. గణేశ్వరరావును అడిగితే, "అవును దీదీ, అదే బీమారీ. దవా వేద్దాం" అన్నాడు. మందులో నానబెట్టిన తిండి మధ్యాహ్నంలోపు ఒకసారి వెయ్యాలి. ఆ వేళకు ఆమె మార్కెట్లో ఉంటుంది. అందుకని తాళంచెవి నాకు ఇచ్చింది.

"కరెంటు పోయినా సూడు పాపా. ఆ గాలి బుడగలు ఆగిపోతే ఊపిరాడదంట."

మరుసటి రోజే కరెంటు పోయింది. పొద్దున్నే బయట వాన, బిడ్డ అప్పుడే పాలు తాగి కునుకుతోంది. మందు వేసే వేళ ఇంకా కాలేదు. ఫ్యాను ఆగగానే నాకు మొదట తోచింది అవతల గదిలో ఆగిపోయిన బుడగలే. బిడ్డను భుజాన వేసుకుని, కొంగు తల మీదికి లాక్కుని పక్కింటి తాళం తీశాను.

చీకటి గదిలో తొట్టె తెల్లగా కనబడింది. లోపల ఏమీ కనబడలేదు. గాజు నిండా మంచు పట్టినట్టు మసక. దగ్గరికి వెళ్ళి వేలితో గీస్తే వేలు తడిసింది. గీసిన గీతలోంచి నీటి చుక్క జారి కింద పేపరు మీద పడింది. పేపరు తడి ఎక్కడిదో అప్పటికి అర్థమైంది.

గాజుకు చెమట పట్టింది.

చల్లటి గ్లాసుకు బయట నీళ్ళు పట్టడం చిన్నపిల్లలకు చెప్పే పాఠం. ఈ ఊరి గాలిలో ఎప్పుడూ తేమ నిండి ఉంటుంది. నిజమే, కానీ ఇరవై ఏడు డిగ్రీల నీళ్ళున్న గాజుకు ఇలా చెమట పట్టదు. థర్మామీటరు ఇంటి దగ్గరే ఉండిపోయింది, దాని అవసరమూ లేదు. తొట్టెలో చెయ్యి పెట్టాను. చెయ్యి జివ్వుమంది.

మూలలో ఏదో తెల్లగా తేలుతోంది. పైకి తీశాను. మూతి గట్టిగా ముడివేసిన ప్లాస్టిక్ సంచి, అందులో సగం కరిగిన ఐసు గడ్డ. దాని కింద, అడుగున, మూడు చేపలూ ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా ఉన్నాయి. మొప్పలు మాత్రం నెమ్మదిగా, బరువుగా తెరుచుకుని మూసుకుంటున్నాయి.

సంచి పక్కన పెట్టి, బుడగల పంపు నడవడం లేదు కాబట్టి చెంబుతో నీళ్ళు ఎత్తి ఎత్తి పోస్తూ కూర్చున్నాను. కరెంటు వచ్చేదాకా అదే పని. బిడ్డ భుజం మీదే నిద్రపోయింది. దాని ఊపిరి నా మెడకు తగులుతూ ఉంది. వేడి నీళ్ళు కాచి పోద్దామని ఒక్క క్షణం అనిపించింది. చలి నుంచి ఒక్కసారిగా వేడికి తెస్తే అదీ దెబ్బే. ఆగాను.

మధ్యాహ్నం అసిరమ్మత్త వచ్చింది. గడపలోనే ఆమె చూపు నా పక్కన నేల మీది సంచి మీద పడింది.

"అదెందుకు తీసీసినావు?"

"నువ్వే వేస్తున్నావా అత్తా? రోజూనా?"

"ఎయ్యకపోతే? తెల్లారగట్లే పోయి మధ్యానానికొత్తాను. ఇంత ఉక్కలో అంతసేపు సేపలు ఎలాగుంతాయి? ఎల్లినప్పుడు పెట్టెలో మిగిలిన గడ్డ ఓటి ఏసి ఎల్తాను, వచ్చి తీసీస్తాను. ఫ్యాక్టరీ ఐసు మంచిది కాదని సంచిలో కట్టి మరీ ఏత్తన్నాను. నీళ్ళలో సుక్క కలవదు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "సేపకి ఐసు ఏత్తారు గదా? అదేటి సెప్పీది?"

నేను చెప్పాను. ఇవి వేడి దేశపు నదుల చేపలని, బిడ్డకు స్నానానికి కలిపే గోరువెచ్చని నీళ్ళకన్నా కాస్తే తక్కువ వేడి ఉండాలని. పొద్దున్నే చలి, సాయంత్రానికి మళ్ళీ ఉక్క, మర్నాడు మళ్ళీ చలి, ఆ ఊపుకే వాటి ఒళ్ళు చెడిందని. తిండి అరగక, రంగు మారి, మూల చేరాయని. చెబుతున్నకొద్దీ ఆమె ముఖం బిగుసుకుంది.

"నలబై ఏళ్ళుగా సేపల్ని సూత్తన్నాను. నాకు నువ్వు సెప్తావా? ఐసు ఏస్తే సేప పాడవుద్దా?"

"అవి వేరు అత్తా."

"వేరేటి? సేప సేపే. మరి గణేసు థర్మాకోల్ పెట్టెలో ఎందుకు తెచ్చినాడు? ఐసు నేకుండా ఎవుడైనా పెట్టె కడతాడా?"

"లోపలి వేడి పోకుండా కట్టాడు."

"నాను సల్లదనం పోకుండా అనుకున్నాను" అంది.

  ఆమె వచ్చి తొట్టె ముందు గొంతుక్కూర్చుంది. చెమట ఇంకా పూర్తిగా ఆరలేదు. కొంగుతో గాజు తుడిచింది, లోపలివి కనబడేదాకా.

"బతికున్న సేపని నానెప్పుడు సూసినాను పాపా" అంది మెల్లగా. "నా సేతికొచ్చీసరికి అన్నీ అయిపోయినయ్యే. సచ్చినోటిని పాడవకుండా సూసుకోడమే నాకొచ్చు. బతికున్నోటిని ఎలాగ సూసుకోవాలో నాకెవులు సెప్పినారు?"

నేను ఆమె పక్కన కూర్చున్నాను. 

*

మర్నాడు ఆమె గణేశ్వరరావు దుకాణం నుంచి వేడి కడ్డీ తెచ్చింది. "ఇప్పుడు నిజంగానే కాగబెడతన్నాను" అంది. ఆ మాటలో మొదటిసారి ఉన్న నవ్వు లేదు. నీళ్ళ వేడి కొద్దికొద్దిగా పెంచాం. మందు ఆపి, అవి బెదరకుండా తొట్టె మీది దీపం తీసేసి, తొట్టెకు మూడు వైపులా గోధుమరంగు కాగితం అంటించాం. ముందు వైపు మాత్రం వదిలాం.

అయినా ఎర్రవి రెండూ నిలవలేదు. ఒకటి పోయిన తరువాత రెండోది ఎంతోకాలం ఆగలేదు. రెండింటినీ కొబ్బరి మొక్క మొదట్లోనే పాతింది. ఈసారి వీపు నొక్కలేదు.

మిగిలింది ఒక్క నీలం చేప. నల్లదనం తగ్గి చారలు మళ్ళీ లేచాయి, కానీ తినదు. రంగు తిరగడం వేడి తన పని చేస్తోందనడానికి గుర్తు, తినకపోవడం మాత్రం అది ఒక్కతే అయిపోవడం వల్ల అని నాకు అనిపించింది. ఇవి గుంపుగా బతికే చేపలు. గణేశ్వరరావు సామాను ఏదో ఇవ్వడానికి వచ్చి తొట్టెలోకి తొంగిచూశాడు.

"మౌసీ, ఇది అకేలా ఉండదు. ఝుండ్‌లో ఉండే జాతి. ఇంకో నాలుగు తీసుకో, అప్పుడే దీని దిల్ లగ్తా హై."

"అకేలా ఉండదా?" అంది అసిరమ్మత్త. "మరి నానుండట్లే?"

గణేశ్వరరావు నావైపు చూశాడు. నేను బిడ్డ జుట్టు సర్దాను.

"ఇంకో నాలుగు తెచ్చి మళ్ళీ పాతిపెట్టలేన్రా" అంది ఆమె. "ఉంటే ఉంటాది. దాని ఇట్టం."

అప్పటినుంచి ఆమె మధ్యాహ్నపు అన్నం తొట్టె ముందు తినడం మొదలుపెట్టింది. పీట వేసుకుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, గాజుకు మూరెడు దూరంలో కూర్చునేది. మార్కెట్ నుంచి తెచ్చిన రొయ్య ఒకటి ఒలిచి, గోటి చివరంత ముక్కలు కోసి రెండు వేసేది. తను ఒక ముద్ద తిని మళ్ళీ చూసేది. గోడ పైనుంచి మాటలు వినబడేవి.

"తినవే. నాను తినీసినాను సూడు. ఇద్దరం పస్తుంటే ఎవులు సూస్తారు మనల్ని? ఆ పాప దగ్గర బిడ్డొకర్తి ఉంది, దానికే సరిపోతన్నాది."

ఇంకో పూట: "ఈయాల పండుగప్ప దొరికింది. ఎంత పెద్దదో సెప్తే బెదిరిపోతావు. సెప్పన్లే."

ఇలాగే కొన్నాళ్ళు గడిచాయి. అడుగున రొయ్య ముక్కలు అలాగే ఉండడం, ఆమె వాటిని గొట్టంతో తీసేయడం. నేను సాయంత్రం వెళ్ళి థర్మామీటరు చూసి వచ్చేదాన్ని. వేడి ఎక్కడా తగ్గలేదు, హెచ్చలేదు. చేయాల్సినవన్నీ అయిపోయాయి. మిగిలింది అది తింటుందా లేదా అన్నదే. ఆ రోజుల్లో మా ఆయన ఓడ క్యాంప్‌బెల్ బేలో ఇంజను చెడి ఆగిపోయింది. ఫోను కలిసేది కాదు. మధ్యాహ్నాలు బిడ్డను పడుకోబెట్టుకుని గోడ అవతలి మాటలు వింటూ ఉండేదాన్ని. అవి నాతో అన్నవి కాకపోయినా మధ్యలో ఆపితే నాకు బాగుండేది కాదు.

ఒక మధ్యాహ్నం అవి ఆగాయి. ఎంతసేపటికీ చప్పుడు లేదు. నేను లేచి కూర్చున్నాను.

"పాపా" అని వచ్చింది గొంతు, రహస్యం చెబుతున్నట్టు. "మెల్లగా రా. తలుపు సప్పుడు సెయ్యకు."

వెళ్ళి గడపలోనే నిలబడ్డాను. ఆమె ఒళ్ళో కంచం, చేతిలో ముద్ద అలాగే ఉంది, నోటి దాకా పోలేదు. చేప మూల విడిచి, నీళ్ళ మధ్యకు వచ్చి నిలిచింది. కింద రొయ్య ముక్క వైపు వంగి, ఊది, వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఊదింది. మూడోసారి మింగింది. మింగి, గాజు దగ్గరికి జరిగి, పక్కకు తిరిగి, ఒక కన్నుతో ఆమెను చూసింది.

అసిరమ్మత్త ముద్ద నోట్లో పెట్టుకోలేదు. 

"ఏటలా సూస్తావు?" అంది దానితో. "ఇంకోటి కావాలా? అడుగు. నోరు నేదా?"

*

ఇది జరిగి కొన్ని నెలలైంది. చేప అరచేయంత అయింది. ఒక్కతే ఉంటోంది. పుస్తకాల ప్రకారం అది బాగుండడానికి వీల్లేదు, కొన్ని రోజులు నిజంగానే మూల చేరి ఉంటుంది కూడా. ఆ రోజుల్లో అసిరమ్మత్త ఎక్కువ మాట్లాడుతుంది. గాజుకు చెమట పట్టలేదు కదా అని నేను ఇప్పటికీ ముందు అదే చూస్తాను.

మా ఆయన ఓడ మళ్ళీ పోయింది. నిన్న తెల్లవారుజామున బిడ్డకు పాలు వెచ్చబెడుతున్నాను. గోడ అవతల థర్మాకోల్ పెట్టె నేల మీద ఈడ్చిన చప్పుడు, చెప్పులు వేసుకున్న చప్పుడు వినబడ్డాయి. తాళం తీసి చేతిలో పట్టుకున్నట్టు గొలుసు గలగలమంది.

"ఎల్లొత్తానే" అంది అసిరమ్మత్త, గట్టిగా.

ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే తిరిగి పలకడం అలవాటు కదా, నా నోటికి వచ్చేసింది.

"మంచిదత్తా, జాగ్రత్త."

 అవతల తాళం పడింది.

"నిన్ను గాదులే పాపా" అంది.